రెండో తెర కొనక్కర్లేదు తమ్ముడూ, అది హాల్లోనే ఉంది

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ హనుమకొండలో రూం తీసుకుని ఉంటున్నా. రామప్ప గుడి కట్టడం మీద నా పరిశోధన. పోయిన నెల ఒక సెమినార్‌లో ఇరవై నిమిషాల పేపర్ ఇచ్చా. మర్చిపోతానేమోనని స్లైడ్ల మీదే అంతా రాసుకున్నా. తీరా గోడ వైపు తిరిగి చదవడమే సరిపోయింది. "బాబూ, మాకూ చదువొచ్చు, మాకూ కనబడుతోంది" అన్నారు చైర్‌లో కూర్చున్న సార్. తర్వాత ఒక ఫ్రెండ్ ప్రెజెంటర్ వ్యూ వాడమంటే మా డిపార్ట్‌మెంట్‌లో ప్రయత్నించా. నోట్స్ నా ల్యాప్‌టాప్‌లో ఉండాల్సింది గోడ మీద పడ్డాయి. "ఇక్కడ చిన్న జోక్ వేయాలి" అని రాసుకున్నది అందరూ చదివారు. జోక్ వేయకముందే నవ్వారు. ఇంకో మూడు వారాల్లో థీసిస్ ఇచ్చేముందు పెట్టే ప్రీ-సబ్మిషన్ సెమినార్. ఒకటే టెన్షన్. రెండో మానిటర్ కొనాలా? అసలు నోట్స్ చూసి చెప్పడమే తప్పా? మా గైడ్ సార్ అయితే "చూసి చెప్పేవాడికి సబ్జెక్ట్ రానట్టే" అంటారు.

జవాబు: తమ్ముడూ, ముందు పైసల సంగతి. ఏమీ కొనకు. నీకు కావాల్సిన రెండో తెర సెమినార్ హాల్లో ఉండనే ఉంది. ప్రొజెక్టరే ఆ రెండో తెర. కంప్యూటర్ లెక్కలో గోడ మీద పడే బొమ్మ కూడా ఒక మానిటరే. కేబుల్ పెట్టగానే నీ ల్యాప్‌టాప్‌కు రెండు తెరలు వచ్చేసినట్టు. రెండింట్లో ఒకటే బొమ్మ వెయ్యాలా, వేరువేరుగా వెయ్యాలా అన్నది నువ్వు చెప్పాలి. చెప్పకపోతే అది దానికి తోచింది చేస్తుంది. మామూలుగా రెండింట్లో ఒకటే బొమ్మ వేస్తుంది, లేదంటే ఆ ప్రొజెక్టర్‌కు పోయినసారి ఏం చేశావో అదే మళ్ళీ చేస్తుంది.

ఆ ఒకటే బొమ్మతో నేనూ చాలా ఏళ్ళు నెట్టుకొచ్చా. ఓసారి ఒక కాలేజీలో కంప్యూటర్ల మీద మాట్లాడమని పిలిచారు. కేబుల్ పెట్టేశాక, జనం కూర్చున్నాక, ఫైల్ కోసం ఫోల్డర్లు వెతుకుతున్నా. తొందర్లో పక్క ఫైల్ మీద రెండుసార్లు నొక్కా. తెరుచుకున్నది మా చెల్లె పెళ్ళి కట్నాల పట్టీ. ఎవరు ఎంత చదివించారో పేర్లతో సహా గోడ నిండా. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్ గారు మాకు దూరపు చుట్టం, పెళ్ళికి కూడా వచ్చారు. ఆయన పేరు పైనుంచి పదకొండోది, పక్కన నూటపదహార్లు. నేను ఫైల్ మూసేలోపు హాలంతా చదివేసింది. ఆయనా చదివారు. ఆ రోజు నేను చెప్పిన పాఠం ఎవరికీ గుర్తుండి ఉండదు. నీ జోక్ దానితో పోలిస్తే చాలా చిన్న సంగతి, మనసులో పెట్టుకోకు.

ఇప్పుడు పనిలోకి పోదాం. కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న మీట, పి అక్షరం కలిపి నొక్కు. నాలుగు ఎంపికలు వస్తాయి. పీసీ స్క్రీన్ ఓన్లీ అంటే గోడ మీద ఏమీ పడదు. డూప్లికేట్ అంటే నీ దాంట్లో ఉన్నదే గోడ మీద. ఎక్స్‌టెండ్ అంటే నీ తెర నీది, గోడ తెర గోడది. చివరిది సెకండ్ స్క్రీన్ ఓన్లీ, అందులో నీ తెర చీకటైపోతుంది. నీకు కావాల్సింది ఎక్స్‌టెండ్.

అది నొక్కగానే గోడ మీద నీ ఫైళ్ళూ ఐకాన్లూ మాయమైపోతాయి. ఒట్టి వాల్‌పేపర్ మిగులుతుంది. సగం మంది సరిగ్గా ఇక్కడే భయపడి వెనక్కి పోతారు. అటెండర్ లేచి "సార్, ప్రొజెక్టర్ల ఏం వస్తలేదు" అంటాడు. వెనక నుంచి ఎవరో ఒక పెద్దమనిషి "డూప్లికేట్ పెట్టవయ్యా" అని కేకేస్తాడు. వినకు. ఆ ఖాళీ వాల్‌పేపర్ వచ్చిందంటే పని అయినట్టే. ఇక నీ ల్యాప్‌టాప్‌లో నువ్వు కట్నాల పట్టీ తెరుచుకున్నా గోడకు తెలియదు.

తర్వాత పవర్‌పాయింట్ తెరిచి ఎఫ్5 నొక్కు. స్లైడ్ గోడ మీదకు పోతుంది. నీ ల్యాప్‌టాప్‌లో మాత్రం వేరే ఏర్పాటు వస్తుంది: ఎడమ పక్క ఇప్పుడు నడుస్తున్న స్లైడ్ పెద్దగా, కుడి పక్క రాబోయే స్లైడ్ చిన్నగా, దాని కింద నువ్వు రాసుకున్న నోట్స్, పైన మొదలుపెట్టి ఎంతసేపైందో చూపే లెక్క, టైం. ఇదే ప్రెజెంటర్ వ్యూ. రాలేదనుకో, పైన స్లైడ్ షో అనే ట్యాబ్‌లో 'యూజ్ ప్రెజెంటర్ వ్యూ' పక్కన టిక్ ఉందో లేదో చూడు. దాని పక్కనే మానిటర్ అనే చోట ఆటోమేటిక్ ఉంచితే చాలు.

మరి నీకు డిపార్ట్‌మెంట్‌లో ఏమైంది? నువ్వు రాసినదాన్ని బట్టి రెండు కారణాలు తోస్తున్నాయి. ఒకసారి గుర్తు తెచ్చుకో: గోడ మీద నోట్స్ పడ్డప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో ఏముంది? అక్కడ ఒట్టి స్లైడ్ నిండుగా కనబడుతుంటే తెరలు తారుమారయ్యాయి. ప్రెజెంటర్ వ్యూ పైభాగంలో డిస్‌ప్లే సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో 'స్వాప్ ప్రెజెంటర్ వ్యూ అండ్ స్లైడ్ షో' నొక్కితే నీది నీకు, గోడది గోడకు వచ్చేస్తాయి. అలా కాక నీ ల్యాప్‌టాప్‌లోనూ నోట్సే, గోడ మీదా నోట్సే ఉన్నాయంటే నువ్వు డూప్లికేట్‌లోనే ఉండి ఆల్ట్, ఎఫ్5 కలిపి నొక్కి ఉంటావు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఆల్ట్ ఎఫ్5 అనేది ఒకే తెర ఉన్నప్పుడు ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోవడానికి. రెండు తెరలూ ఒకటే చూపిస్తున్నప్పుడు అది నొక్కితే నీ గుట్టు మొత్తం గోడకెక్కుతుంది.

ఇంకో చిన్న చిరాకు ఉంది, ముందే చెప్పి పెడతా. ఎక్స్‌టెండ్ పెట్టాక మౌస్ బాణం నీ తెర అంచు దాటి గోడ మీదకు పోతుంది. నువ్వు ల్యాప్‌టాప్‌లో వెతుకుతుంటావు, జనం గోడ మీద దాని తిరుగుడు చూస్తుంటారు. డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్‌కు పోతే 1, 2 అని రెండు డబ్బాలు కనబడతాయి. హాల్లో తెర నీకు ఎడమ చేతి వైపు ఉంటే రెండో డబ్బాను లాగి ఒకటో దానికి ఎడమ పక్కన పెట్టు. అప్పుడు బాణం ఎటు తోస్తే అటే పోతుంది.

యంత్రం సంగతి ఇంతే. పది నిమిషాల పని. మీ గైడ్ సార్ మాట మాత్రం అంత తేలిగ్గా తేలదు.

ఆయన మాటలో సగం నిజముంది. వాక్యాలు చదివేవాడు గోడ మీద చూసి చదివినా, ల్యాప్‌టాప్‌లో చూసి చదివినా చదువుతున్నట్టే ఉంటాడు. స్లైడ్ మీద ఉన్న పేరాలను తెచ్చి నోట్స్ గడిలో కుక్కితే నీ మెడ ఒక్కటే ఇటు తిరుగుతుంది. ఇదివరకు జనానికి నీ వీపు కనబడేది, ఇప్పుడు నీ నడినెత్తి కనబడుతుంది.

మిగతా సగంతో నాకు పేచీ ఉంది. చేర్యాల పటం చూశావు కదా? ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది గానీ మొన్న మొన్నటిదాకా చేర్యాల మన వరంగల్ జిల్లాదే. ఆ పటం మన ప్రాంతపు స్లైడ్ షో అంటాను నేను. పొడుగాటి బట్ట మీద వరసగా బొమ్మలు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కథ నడిపిస్తారు. జనానికి విప్పిన గడి మాత్రమే కనబడుతుంది. చుట్టలో దాగిన గడిలో ఏముందో కథకుడికి తెలుసు. అందుకే ఈ గడి కథ ముగిస్తూనే రాగం ఎత్తి, రాబోయే గడి మీద ఆశ పుట్టించి అప్పుడు విప్పుతాడు. బొమ్మ చూసి చెప్తున్నాడు కాబట్టి ఆయనకు కథ రాదని ఎవరైనా అంటారా?

నీ ల్యాప్‌టాప్‌లో కుడి పక్క కనబడే ఆ చిన్న డబ్బా, రాబోయే స్లైడ్, అచ్చం ఆ చుట్టలో దాగిన గడి లాంటిది. అందరూ ప్రెజెంటర్ వ్యూ అంటే నోట్స్ అనుకుంటారు. నన్నడిగితే నోట్స్ కంటే ఈ డబ్బాయే విలువైనది. నోట్స్ తీసేసినా నేను నెట్టుకురాగలను, ఈ డబ్బా లేకపోతే మాత్రం తడబడతా.

ఎందుకో నీ సబ్జెక్ట్‌తోనే చూద్దాం. తప్పులుంటే నువ్వే దిద్దుకో, నేను కంప్యూటర్ల మనిషిని. పునాది స్లైడ్ మీద ఉన్నావు. గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టారని, భూమి అదిరినా ఆ ఇసుక తట్టుకుంటుందని చెప్పావు. మామూలుగా అందరూ ఏం చేస్తారు? మీట నొక్కుతారు. ఏదో స్లైడ్ వస్తుంది. దాన్ని చూసి, ఒక్క క్షణం ఆగి, "ఆఁ, ఇది ఇటుకల గురించి" అంటారు. ఆ "ఆఁ" దగ్గరే వినేవాడి పట్టు తెగిపోతుంది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా ఇరవై నిమిషాల్లో పదిహేను సార్లు "ఆఁ, నెక్స్ట్" అంటారు, లెక్కపెట్టి చూడు.

ఇప్పుడు అదే చోట నీ కుడి పక్క డబ్బాలో విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, దాని ఇటుకల ఫోటో కనబడుతోందనుకో. నువ్వింకా పునాది స్లైడ్ మీదే ఉండి, జనం మొహాలు చూస్తూ అంటావు: "కింద ఇసుక, సరే. ఇసుక మీద అంత రాయి పేర్చాక, పైన శిఖరం కూడా రాయితోనే కడితే ఆ బరువంతా ఎవరు మొయ్యాలి? మరి పైన ఏం వాడారు?" ఒక్క క్షణం ఆగు. అప్పుడు నొక్కు. నీళ్ళలో తేలే ఇటుక గోడ మీద ప్రత్యక్షమవుతుంది. నువ్వు అడిగిన ప్రశ్నకు స్లైడ్ జవాబు చెప్పింది. నువ్వు స్లైడ్ వెనక పరిగెత్తలేదు, స్లైడే నీ మాట వెనక వచ్చింది. అదే సమాచారం, అవే స్లైడ్లు. కాకపోతే మాట ముందు, బొమ్మ తర్వాత.

దీన్ని ప్రతి స్లైడ్‌కూ చెయ్యకు, అన్నిటికీ ప్రశ్నలు వేస్తే క్విజ్ పోటీలా ఉంటుంది. నాలుగైదు మలుపుల దగ్గర చాలు. మిగతా చోట్ల "ఇది శాసనం చెప్పే మాట, ఇక రాయి ఏం చెప్తోందో చూద్దాం" లాంటి ఒక ముక్క అనేసి నొక్కితే సరిపోతుంది.

ఇక నోట్స్ ఎలా రాసుకోవాలంటే, నువ్వు ఇప్పటిదాకా రాసుకున్నది నేను ఊహించగలను: "కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ఈ ఆలయాన్ని నిర్మింపజేశాడు. ఇది 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది." ఇలా రాసి ఉంటే చదవక తప్పదు. కన్ను వాక్యం మొదట్లో పడితే చివరిదాకా లాక్కుపోతుంది. దాని బదులు ఇలా ఉంచు:

1213 – రేచర్ల రుద్రుడు
40 ఏళ్ళ పని
2021 – ఊళ్ళో ఆ రోజు
→ బరువు?

నాలుగు ముక్కలు. అంకె మర్చిపోతావు కాబట్టి అంకె. ఊళ్ళో వాళ్ళను కలిసినప్పుడు విన్న సంగతి గుర్తు రావడానికి ఒక మాట. చివర్లో బాణం గుర్తు పెట్టి, రాబోయే స్లైడ్‌కు పోయే మలుపు. ఆ బాణం నేను ప్రతి స్లైడ్ నోట్స్‌లోనూ పెట్టుకుంటా. మిగతావేవీ చూడకపోయినా బాణం ఒక్కటి చూస్తా. నోట్స్ కింద అక్షరాలు పెద్దవి చేసే బటన్ ఉంటుంది. దాన్ని నాలుగైదు సార్లు నొక్కి, నిలబడి ఒక గజం దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా చేసుకో. వంగి చదివేవాడిని చూస్తే హాల్లో వాళ్ళకు నడుం నొప్పి పుడుతుంది.

ఇలా చేశాక స్లైడ్ మీద ఉన్న పేరాలన్నీ తీసెయ్. మెయిల్లో నువ్వు పంపిన స్లైడ్లు చూశా, ఒక్కోదాంట్లో పదమూడు వరసలు. తీసేస్తే ఫోటోకు చోటు దొరుకుతుంది. నల్లరాతి మదనికల, అదే ఆ నాట్యగత్తెల శిల్పాల ఫోటోను మూలన తపాలా బిళ్ళంత పెట్టావు, అన్యాయం! దాన్ని తెర నిండా పెట్టు. ప్రెజెంటర్ వ్యూలో భూతద్దం బొమ్మ ఒకటి ఉంటుంది. అది నొక్కి మదనిక మెడలో హారం మీద పెడితే గోడ మీద ఆ ముక్క ఒక్కటే పెద్దదవుతుంది. రాతిలో సన్నటి పని గురించి నువ్వు రెండు నిమిషాలు మాట్లాడే బదులు అది చూపించి పది సెకన్లు ఊరుకో.

టైం లెక్క గురించి ఒక హెచ్చరిక. అది నువ్వు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు కాదు, ఎఫ్5 నొక్కినప్పుడు మొదలవుతుంది. మన సెమినార్లు తెలిసినవే కదా. స్లైడ్ గోడ మీద పెట్టి నిలబడ్డాక ఒకరు నిన్ను పరిచయం చేస్తారు, ఒకరు బొకే ఇస్తారు, ఫోటో దిగుతారు. మైకు నీ చేతికొచ్చేసరికి అక్కడ తొమ్మిది నిమిషాలు అయిపోయి ఉంటాయి. దాన్ని చూసి కంగారుపడి చివరి అధ్యాయం పరిగెత్తించిన వాళ్ళను చూశా. లెక్క పక్కనే మళ్ళీ సున్నా చేసే గుండ్రటి బాణం ఉంటుంది. "అందరికీ నమస్కారం" అనే ముందు అది నొక్కు.

ప్రశ్నల సమయం వచ్చినప్పుడు ఈ రెండో తెర ఇంకోలా పనికొస్తుంది. "ఆ మ్యాపు మళ్ళీ చూపించు" అంటారు ఎక్స్‌టర్నల్ సార్, అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు. అప్పుడు వెనక్కి వెనక్కి పది స్లైడ్లు తిప్పుకుంటూ పోకు, అందరి తలలూ తిరుగుతాయి. ప్రెజెంటర్ వ్యూలో గళ్ళు గళ్ళుగా ఉండే బొమ్మ నొక్కితే అన్ని స్లైడ్లూ చిన్నచిన్నగా నీకు మాత్రమే కనబడతాయి. కావాల్సినది నొక్కు, గోడ మీద అదొక్కటే వస్తుంది. ఇంకా తేలిక, ఒక చీటీ మీద మ్యాపు 6, శాసనం 9, ఇటుక 14 అని రాసి పెట్టుకో. 14 కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఇటుక దగ్గరకు పోతుంది. ప్రశ్న అడిగిన మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడాలనిపిస్తే బి నొక్కు, గోడ నల్లబడుతుంది. జనం చూపు నీ మీదకు వస్తుంది. మళ్ళీ బి నొక్కితే స్లైడ్ తిరిగొస్తుంది.

మీ ఎక్స్‌టర్నల్ వేరే ఊరి నుంచి జూమ్‌లో కూర్చునే అవకాశం ఉంటే ఇది ముఖ్యం: షేర్ స్క్రీన్ నొక్కినప్పుడు స్క్రీన్ 1, స్క్రీన్ 2 అని రెండు చిన్న బొమ్మలు చూపిస్తుంది. గోడ మీద ఉన్నదాన్ని ఎంచుకో. తొందర్లో మొదటిది నొక్కావంటే హాల్లో ఎవరికీ కనబడని నీ నోట్స్, సరిగ్గా నీకు మార్కులు వేసే మనిషికి మాత్రం కనబడతాయి.

ఇక హాల్ సంగతి. అరగంట ముందు పో. మన దగ్గర చాలా హాళ్ళలో ప్రొజెక్టర్ నుంచి వచ్చే వైరు ఇంకా పాత వీజీఏదే, నీలం రంగు మూతి, పదిహేను పిన్నులు, రెండు పక్కలా మరలు. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ సందే ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న ముక్క నీ బ్యాగులో పడి ఉండాలి. రెండో మానిటర్ కోసం దాచిన డబ్బుల్లో ఖర్చు చెయ్యాల్సింది ఇది ఒక్కటే. టైప్-సి ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్ అయితే కొనేముందు దాని నుంచి బొమ్మ బయటికి వస్తుందో లేదో చూసుకో. అన్ని టైప్-సి సందులూ ఆ పని చెయ్యవు, కొన్ని చార్జింగుకూ పెన్‌డ్రైవుకూ తప్ప ఎందుకూ పనికిరావు.

వీజీఏ వైర్లో బొమ్మ ఒక్కటే పోతుంది, శబ్దం పోదు. హెచ్‌డీఎంఐలో రెండూ పోతాయి, దాంతో ఇంకో తంటా. నీ స్లైడ్లలో పేరిణి నాట్యం క్లిప్ ఉందన్నావు. అది పెట్టగానే మృదంగం హాల్ స్పీకర్లలో మోగుతుందని నువ్వు ఎదురుచూస్తావు. తీరా అది పైకప్పుకు వేలాడే ప్రొజెక్టర్ డబ్బాలోంచి ఈగ మోతలా వినబడుతుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి శబ్దం ఎటు పోవాలో ముందే ఎంచుకో, హాల్ వాళ్ళ ఆడియో వైరు నీ ల్యాప్‌టాప్‌కు పెట్టించు.

మధ్యలో కరెంటు పోయిందనుకో. ల్యాప్‌టాప్ బతికే ఉంటుంది, ప్రొజెక్టర్ ఆరిపోతుంది. రెండో తెర మాయమైంది కాబట్టి ప్రెజెంటర్ వ్యూ కూడా చెదిరిపోవచ్చు. కంగారుపడి ఏవేవో నొక్కకు. పాత బల్బు ప్రొజెక్టర్లు చల్లబడి మళ్ళీ వెలగడానికి ఎలాగూ రెండు మూడు నిమిషాలు తీసుకుంటాయి. ఆ కాసేపూ మాట్లాడుతూ ఉండు. వెలిగాక ఎక్స్‌టెండ్ ఉందో లేదో చూసి షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కితే మొదటి నుంచి కాకుండా నువ్వు ఆగిన స్లైడ్ నుంచే మొదలవుతుంది. అయితే నొక్కేముందు ఎడమ పక్క వరసలో ఏ స్లైడ్ మీద ఉన్నావో ఒకసారి చూసుకో.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు, నీ ల్యాప్‌టాప్ పెట్టనివ్వకపోవడం. "అందరి ఫైళ్ళూ ఈ సిస్టంలోనే ఎక్కించండి" అంటారు నిర్వాహకులు. అప్పుడు ముందు అడగాల్సింది, ఆ సిస్టం ఎక్కడుంది అని. పోడియం మీద ఉంటే ఏ బాధా లేదు, అక్కడ కూడా విండోస్, పి నొక్కి నీ ఏర్పాటు చేసుకోవచ్చు. అది హాల్ మూలన ఆపరేటర్ దగ్గర ఉండి, నువ్వు స్టేజి మీద క్లిక్కర్ పట్టుకుని నిలబడాల్సి వస్తే ప్రెజెంటర్ వ్యూ ఆపరేటర్‌కు తప్ప ఎవరికీ పనికిరాదు. అలాంటి రోజు కోసం ఒక కాగితం. ప్రింట్ కొట్టేటప్పుడు నోట్స్ పేజెస్ అని ఎంచుకుంటే స్లైడ్ పైన, నోట్స్ కింద వస్తాయి. నేనైతే అదీ చెయ్యను. స్లైడ్ల వరస, వాటి పక్కన బాణం ముక్కలు ఒక అరపేజీలో చేత్తో రాసుకుంటా. అరచేతిలో పట్టేంత కాగితమే రాబోయే గడి అవుతుంది.

ఇంకొకటి, ఆ సిస్టంలో నీ తెలుగు అక్షరాలు సరిగ్గా రావాలి. శాసనపాఠం పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టించి తెచ్చావంటే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్‌లో ఉంటే ఏ విండోస్‌లోనైనా తెలుగు తెలుగులాగే వస్తుంది. ఫాంట్ అందం ముఖ్యమనుకుంటే ఫైల్, ఆప్షన్స్, సేవ్ అనే చోటికి పోయి 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' టిక్ పెట్టు. ఫైల్ కొంచెం బరువెక్కుతుంది, అంతే. పీడీఎఫ్ ఇస్తే అక్షరాలు భద్రం గానీ నోట్స్ ఉండవు.

పవర్‌పాయింట్ కాకుండా గూగుల్ స్లైడ్స్ వాడితే స్లైడ్‌షో బటన్ పక్కన చిన్న బాణం నొక్కి ప్రెజెంటర్ వ్యూ ఎంచుకో. నోట్స్ వేరే కిటికీలో తెరుచుకుంటాయి, అది నీ తెర మీద ఉంచుకుని స్లైడ్లను గోడ మీదకు లాగాలి. డబ్బు పెట్టకుండా దొరికే లిబ్రాఫీస్‌లోనూ ఇలాంటిదే ఉంది, రెండు తెరలు కనబడితే దానంతట అదే తెరుచుకుంటుంది.

మూడు వారాలు టైం ఉందన్నావు కదా. రూంలో టీవీ లేకపోతే ఆదివారం ఊరికి పో. ఇంట్లో టీవీకి వెనకో పక్కనో హెచ్‌డీఎంఐ సందు ఉంటుంది. ల్యాప్‌టాప్ కలిపితే అదే నీ ప్రొజెక్టర్. అమ్మ సీరియల్ టైం తప్పించి పెట్టుకో, లేకపోతే ప్రీ-సబ్మిషన్ కంటే ముందు ఇంట్లోనే వైవా అవుతుంది. వైరు పీకడం, పెట్టడం, ఎక్స్‌టెండ్ చెయ్యడం, కావాలని తారుమారు చేసి మళ్ళీ సరిచెయ్యడం, ఇవి చేతికి అలవాటయ్యేదాకా చెయ్యి. తర్వాత అమ్మనే ఎదురుగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు చెప్పు. రామప్ప గురించి ఆమెకు ఎంత అర్థమైందో అడగకు, ఎన్నిసార్లు తన మొహం చూశావో అడుగు.

ఇక ఆ జోక్. భయపడి తీసెయ్యకు. ఒక్కసారి నవ్వారంటే మళ్ళీ నవ్వుతారు. నోట్స్‌లో "ఇక్కడ చిన్న జోక్ వేయాలి" అన్న వాక్యం చెరిపేసి "ఇటుక" అని ఒక్క మాట ఉంచుకో. పొరపాటున మళ్ళీ గోడ మీద పడ్డా, చరిత్ర విద్యార్థి కదా, ఇటుక గురించే ఏదో రాసుకున్నాడు అనుకుంటారు.